ఎనిమిదో ముద్ద

మా ఎదురింటి అయ్యవారు నిన్న పొద్దున పోయారు. కొళాయి దగ్గర వరసలో ఉండగా తెలిసింది. వరస తప్పితే ఆ పూటకు నీళ్ళు లేనట్టే. అయినా నగర్తపేటలో మా సందు ఆడవాళ్ళందరం బిందెలు అక్కడే వదిలేసి ఆయన ఇంటికి పరుగెత్తాం.

ఆ బిందెల వరసను చూపించే కదా ఇన్నేళ్ళూ ఆయన మమ్మల్ని భయపెట్టింది! బడి నుంచి వచ్చి అరుగు మీద పేపరు విప్పగానే మొదలయ్యేది. "చూడప్పా, కొళాయి ఒకటే ఉండాది. బిందెలు ఏటేటా పెరుగుతా ఉండాయి. లోకమంతా ఇదే కథ. ఇంతమందికి తిండి యాడనుంచి వస్తాది?" మా ఆయన మగ్గం మీద నుంచే అందుకునేవారు. "జనం ఎక్కువై కాదు అయ్యవారూ, కొళాయి ఒకటే పెట్టినందుకు." ఆ వాదన ఎన్నడూ తెగలేదు. కానీ రెండో కొళాయి కావాలని అర్జీల మీద అర్జీలు రాసింది కూడా అయ్యవారే.

ప్రపంచ యుద్ధం రోజుల్లో జనాభా లెక్కల పని బడి అయ్యవార్ల మీద పడింది. మా సందు ఈయనకు వచ్చింది. పిల్లల్ని లెక్కపెట్టి చెబితే దిష్టి తగులుతుందని అందరికీ భయం. నాకు మరీను. అప్పటికే ఇద్దర్ని పోగొట్టుకున్నాను. ఆఖరివాడికి రెండేళ్ళు, ఎప్పుడూ ఏదో ఒక జబ్బే. వాణ్ణి మగ్గం చాటున పడుకోబెట్టి, "పిల్లలు ఐదుగురు, మేమిద్దరం" అన్నాను.

అయ్యవారు వెంటనే రాసుకోలేదు. పళ్ళెంలో అప్పుడే కట్టిపెట్టిన సంగటి ముద్దల వైపు చూశారు. ఏడు పెద్దవి, పక్కన నిమ్మకాయంత ఒకటి.

"ఈ చిన్న ముద్ద ఎవరిదమ్మా?"

నా చూపు మగ్గం వైపు పోయింది. ఆయన ఎనిమిది అని రాసుకుని వెళ్ళిపోయారు.

నాలుగో రోజు వాడికి జ్వరం వచ్చింది. బిడ్డ కళ్ళు తెరవకపోయేసరికి నాకు పిచ్చెత్తినట్టయింది. అయ్యవారి అరుగు ముందు నిలబడి సందంతా వినేట్టు అరిచాను. "జనం ఎక్కువైనారంటిరి కదా! నా బిడ్డను లెక్కపెట్టి చంపుతా ఉండారు. ఇప్పుడు సంతోషమేనా మీకు?"

ఆయన వెంటనే కండువా వేసుకుని పోయి డాక్టరును వెంటబెట్టుకొచ్చారు. ఆ రోజు నుంచి బడికి పోతూ మా గుమ్మం దగ్గర ఆగేవారు. బిడ్డ పేరెత్తితే నేను మళ్ళీ బెదురుతానని, "చిన్న ముద్ద కట్టినావామ్మా?" అని మాత్రమే అడిగేవారు. లేదని తల ఊపితే గొడుగు సర్దుకుని వెళ్ళిపోయేవారు. తొమ్మిదో రోజు, "కట్టినా అయ్యవారూ, సగం తిన్నాడు" అన్నాను. ఆయన గుమ్మంలోనే కూలబడ్డారు. కళ్ళు తుడుచుకుని లేచేసరికి బడి గంట కూడా మోగిపోయింది.

ఇక మా ఆయన ఊరుకుంటారా? "లోకంలో జనం ఎక్కువంటిరే, మావాడి కోసం ఇంత తిరిగినారెందుకు అయ్యవారూ?"

"జనం ఎక్కువే అప్పా. వీడు ఎక్కువ కాదు."

మరుసటి సాయంత్రం పేపరు విప్పి మళ్ళీ బిందెల కథే మొదలుపెట్టారు. అంత మొండి మనిషి, అంత మంచి మనిషి. ఆ రోజు అరిచినందుకు తప్పయిందని ఆయనతో చెప్పాలని ప్రతి పండక్కీ అనుకునేదాన్ని. ఎదురుపడితే ఇంకేదో మాట్లాడి వచ్చేసేదాన్ని. ఇప్పుడు ఆయనే లేరు.

ఆయన్ని తీసుకెళ్ళాక మా ఇల్లు కడిగి పొయ్యి వెలిగించాను. సంగటి కెలికి ముద్దలు కట్టాను. ఎదురింటి అరుగు కనబడేట్టు తలుపు బార్లా తీసి, పిల్లలు పుట్టాక మొదటిసారి పైకి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు... ఆఖరివాడు పక్కనే కూర్చుని నా మొహం వైపు వింతగా చూస్తున్నాడు. "ఎనిమిది" అన్నాను, సందంతా వినేట్టు. వాడి ముద్ద ఇప్పుడు అందరి ముద్దలంత ఉంది.