చదువొచ్చిన చెయ్యి

మీ ఇంట్లో ఆస్తి పంచుకున్న రోజున చీట్లు ఎవరు తీశారో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ చీట్లు ఎవరు రాశారో, అందులో ఎవరి ఊసు లేదో ఎప్పుడైనా అడిగారా?

నా చిన్నప్పుడు, జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున ఒక తెల్లదొర ఉండేవాడు. వాళ్ల పెద్దలు నీలిమందు పండించి ఇంగ్లీషు సీమకు పంపినవాళ్లు. నీలిమందుకు గిరాకీ పోయాక ఆయన చీనీ తోట, అంటే బత్తాయి తోట, పెట్టుకున్నాడు. తెల్లవాళ్ల దొరతనం పోయినా ఇక్కడే ఉండిపోయాడు. ఆ తర్వాత మూడు నాలుగేళ్లకు వీలునామా రాయకుండానే చనిపోయాడు. దొరసాని బిడ్డలు ముగ్గురు, ఇద్దరు కొడుకులూ ఒక కూతురూ, మద్రాసు నుంచి దిగారు. కోర్టుకు పోతే ఏళ్లు పడుతుందని, మా ఊరి పద్ధతిలోనే చీట్లు వేసి పంచమన్నారు. పంచింది మా అబ్బ. నాయన తండ్రిని మా వైపు అబ్బ అంటాం. ఆయన దొర దగ్గర ముప్పై ఏళ్లు పెత్తనం చేశాడు.

దొరకు ఇంకో బిడ్డ ఉంది. నీలి ఆకు కోతకు వచ్చిన కూలి మనిషికి పుట్టిన కూతురు. వయసు ప్రకారం చూస్తే నలుగురిలోనూ ఆమే పెద్దది. తల్లి పోయాక పాత నీలిమందు కొట్టంలో ఒక్కతే ఉండేది. ఏ కులంలో కలపాలో తెలియక ఊరు ఆమెను ఏ పెళ్లికీ, ఏ చావుకూ పిలిచేది కాదు. నేను కొట్టం అక్క అనేదాన్ని. నాకూ తల్లి లేదు. ఇంట్లో నాతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండేది కాదు. మధ్యాహ్నం పూట ఇద్దరం, ఒకప్పుడు నీలి ఆకు నానబెట్టి ఇప్పుడు ఎండిపోయిన నీలి తొట్టిలో దిగి కూర్చునేవాళ్లం. దాని గోడలకు ఇంకా నీలం మరక ఉండేది. ఆ గోడ మీదే సుద్దముక్కతో ఆమె నాకు అక్షరాలు దిద్దించింది. దొర ఆమెకు ఇప్పించింది ఆ చదువొక్కటే. ఆడపిల్లకు చదువెందుకనే ఇల్లు మాది. అందుకే ఎవరికీ చెప్పలేదు.

పంపకాల రోజున దొర సామాను వరండాలో పరిచారు. గోడ గడియారం, తుపాకీ, టేకు మంచాలు, పింగాణీ పళ్లేలు. భూమినీ సామాన్నీ మూడు భాగాలు చేసి, మూడు కాగితాల మీద రాసి, మడిచి ఇత్తడి చెంబులో వేశాడు మా అబ్బ. మా వైపు చీట్లు తీయడానికి చదువురాని పసిబిడ్డ కావాలి. ఆ చెయ్యి దేవుడి చెయ్యి అని నమ్మకం. నాకు ఏడేళ్లు. నన్ను తెచ్చి చెంబు ముందు నిలబెట్టారు. కొట్టం అక్క మెట్ల కింద నిలబడి ఉంది. ఆమెను ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు.

పెద్ద కొడుకు పేరు పిలిచారు. చీటీ తీశాను. అంతమంది నన్నే చూస్తుంటే గర్వం పుట్టిందేమో, అబ్బ చేతికి ఇవ్వకుండా విప్పి కూడబలుక్కుంటూ పైకి చదివాను. పెన్నొడ్డు చేను. నీలి తొట్లు. కొట్టం. అది అక్క ఇల్లు.

"ఈ పాపకు సదువు యాడిది?" అన్నాడు ఒక పెద్దమనిషి.

"ఎవురు నేర్పినారు మే నీకు?" అని అబ్బ నా భుజం పట్టుకున్నాడు. నేను మెట్ల కిందికి చూశాను. వేరే జవాబు అక్కర్లేకపోయింది.

"ఇంగేముండాది, సదువొచ్చిన చెయ్యి దేవుని చెయ్యి గాదప్పా. ఇంకో పిల్లను పిలుసుకరాండి," అన్నాడు ఆ పెద్దమనిషి.

అప్పుడు కొట్టం అక్క నోరు విప్పింది. "మడిసిన కాగితాన్ని సదువొచ్చినోళ్లు మాత్రం ఎట్ల సదువుతారు మామా? రాసిన దాంట్లో తప్పు లేకుంటే, సదివితే భయమేంది?"

పెద్దమనిషి ఒక మూల ఉన్న దొర గొడుగు తీసి ఆమె వైపు చాపాడు. "ఇది పెట్టుకో పాపా, ఎండకు పనికొస్తాది." కొందరు నవ్వారు.

"ఈ గొడుగు చీటీలో రాసినారా?"

"లేదులే."

"అట్లయితే నాకొద్దు. రాసిచ్చింటే తీసుకుందును."

తోటమాలి కూతురు, నాలుగేళ్ల పిల్ల, మళ్లీ మూడు చీట్లు తీసింది. ఈసారి కొట్టం చిన్న కొడుక్కు వచ్చింది. ఎవరికి వచ్చినా అక్కకు ఒకటే. నిజంగా దేవుడే వచ్చి చెయ్యి పెట్టినా, మా అబ్బ రాయని చీటీని తీయలేడు.

చిన్న కొడుకు నెల తిరక్కుండానే ఆ చేను అమ్మేశాడు. అక్క మూట కట్టుకుంటుంటే నేను ఏడ్చాను, నా వల్లే అని. ఆమె నా మొహం తుడిచింది. "నీ వల్ల గాదు పాపా. నువ్వు సదివినావు కాబట్టి నా ఇల్లు పోయేది ముందే విన్యా. లేకుంటే సామాను బయట పడేసినంక తెలిసేది. సదవడం మానొద్దు. పైకి సదువు." ప్రొద్దుటూరు బస్సు ఎక్కి పోయింది. ఆ తర్వాత నేను ఆమెను చూడలేదు. వానలు పడేదాకా రోజూ ఒక్కదాన్నే తొట్టిలో కూర్చున్నాను. వానలకు గోడ మీది సుద్ద రాతలు కారిపోయాయి. ఇంట్లో అబ్బ నన్ను మళ్లీ దగ్గరకు తీయలేదు.

ఇప్పుడు నాకు ఎనభై దాటింది. పంపకాలకు నన్ను ఎవరూ పిలవరు. పోయిన నెల ప్రొద్దుటూరులో మా తమ్ముడి మనవళ్లు ఇల్లు పంచుకుంటుంటే పిలవకుండానే పోయాను. ఇద్దరన్నలకు రెండు చీట్లు రాసి చెంబులో వేశారు. వాళ్ల చెల్లెలు లోపల టీ పోస్తోంది. నేను చెంబు బోర్లించాను.

"ఆయమ్మి ఏమీ అడగలేదవ్వా," అన్నాడు పెద్దవాడు.

"అడిగే పని ఆయమ్మిది గాదు. రాసే పని నీది," అన్నాను. ఆ రోజు చీట్లు తీయడం ఆగింది. నాతో మాటలూ ఆగాయి. ఫరవాలేదు. ఒంటరితనం నాకు ఏడో ఏటి నుంచే అలవాటు. మూట కట్టుకుంటూ అక్క చెప్పిన మాట నన్ను విడిచిపోలేదు, అది చాలు.

మీ ఇంట్లో ఆ రోజు మళ్లీ వస్తుంది. దేవుడి చెయ్యి అంటూ ఏ పసిబిడ్డనూ ముందుకు తోయకండి. ముందు చెంబు బోర్లించండి. ప్రతి చీటీ విప్పి, గడప అవతలి వాళ్లకు కూడా వినపడేట్టు చదవండి. ఎవరి భాగం రాయలేదో ఆ మనిషిని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, ఆమె కళ్లెదుటే ఇంకో చీటీ రాయండి.