ఆకురాయితో అరగదీసిన మెమరీ

మా తాతయ్య తాళంచెవులు కోస్తాడు. వీధిలో అందరూ ఆయన్ని ఆకురాయి తాత అంటారు. యంత్రం మీద చక్కగా కోసిన చెవిని కూడా చివర్లో ఆకురాయితో రెండుసార్లు రుద్దనిదే చేతిలోంచి వదలడు మరి. రుద్దాల్సిన పని లేకపోయినా రుద్దుతాడు. తొమ్మిదో తరగతిలోనే బడికో నమస్కారం పెట్టి వచ్చి ఆయన పక్కన కూర్చున్నదాన్ని కాబట్టి ఆ రుద్దుడు నా చెవుల్లో ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది.

కొట్టు అంటే మెట్ల కింద ఇరుకు గది. ఒక బల్ల, ఒక కోత యంత్రం, బల్లకు పైన ఒక మేకు. తప్పు కోసిన చెవులన్నీ ఆ మేకుకే వేలాడతాయి. తప్పు కళ్ళ ముందుంటేనే చేతికి బుద్ధి వస్తుందంటాడు. ఆ గుత్తి బరువు చూస్తే చేతికి రావాల్సిన బుద్ధి ఇంకా చాలానే ఉందనిపిస్తుంది.

కొట్లో చట్టం ఒక్కటే. తాళం తెస్తేనే చెవి. తాళం ఇంట్లో వదిలేసి వచ్చి, ఇంత పొడుగుంటుంది తాతా అని ఎవరైనా వేళ్ళతో చూపిస్తే, నీ వేళ్ళకు చెవి చెయ్యాలా అని తిప్పి పంపేస్తాడు. ఫోనులో ఫొటో చూపించిన ఒకావిడకైతే, ఆ ఫొటోనే తలుపుకు వేసుకోమని సలహా ఇచ్చాడు.

ఈమధ్య బండ్ల చెవుల్లో చిప్పులొచ్చాయి. చెవి కోస్తే చాలదు, కంప్యూటరుతో ఆ చిప్పుకు పాఠం చెప్పాలి. లేకపోతే చెవి తిరుగుతుంది గానీ బండి కదలదు. ఎదురుగా కొత్తగా వెలిసిన అద్దాల కొట్టులో ఆ పని చేస్తారు. మా బండ్లవాళ్ళంతా ఒక్కొక్కరే రోడ్డు దాటి అటు వెళ్ళిపోయారు. మిగిలింది బడిపిల్లల వ్యాను నడిపే డ్రైవరు మామయ్య ఒక్కడే. ఆయన వ్యాను రెండో చెవి పోయింది.

"వారం ఆగుతాను తాతా. ఆ తర్వాత నన్ను తిట్టుకోకు" అన్నాడు.

ఆయన కూడా దాటితే కొట్టు మూసుకోవడమే. తాతయ్య ఆ మాట పైకి అనలేదు గానీ, ఆ రోజు ఎవరూ అడగని చెవులకు కూడా ఆకురాయి పెట్టాడు.

చిప్పుకు పాఠం చెప్పే పెట్టె తెచ్చాడు. దానికి తగిలించడానికి కంప్యూటరు కావాలి. బిగించి ఉన్నదే కొనమంటే ఒప్పుకోడు. విప్పి చూడని వస్తువు ఇంట్లో ఉంటే ఆయనకు కంటిమీద కునుకు రాదు. మా ఇంట్లో రేడియో, ఇస్త్రీపెట్టె, నాయనమ్మ చేతిగడియారం అన్నీ ఆయన చేతిలో ఒకసారి చచ్చి బతికినవే. గడియారం బతకలేదు.

మదర్‌బోర్డు, మిగతా సామానూ మంచి దుకాణంలోనే కొన్నాడు. మెమరీ దగ్గరికి వచ్చేసరికి పొదుపు గుర్తొచ్చింది. పాత సామాను అమ్మే సందులోకి ఒక్కడే వెళ్ళి ఒక పచ్చటి మెమరీ పట్టీ పట్టుకొచ్చాడు. బోర్డు డబ్బా మీద మెమరీ రకం డీడీఆర్ ఫోర్ అని ఉంది, పట్టీ మీద త్రీ అని ఉంది. అదే చెప్పాను.

"అంకె చూసి ఏ తాళమైనా తెరుచుకుందటే? పొడుగు సరిపోయింది, చాలు" అన్నాడు.

పొడుగు సరిపోయింది. కానీ ఆ పట్టీ అంచున ఒక గాటు ఉంటుంది, బోర్డు మీది గాడిలో ఒక చిన్న గట్టు ఉంటుంది. రెండూ ఎదురుపడితేనే పట్టీ కూర్చుంటుంది. ఇక్కడ బియ్యపుగింజంత తేడా వచ్చింది. తాతయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆయన చెయ్యి ఆకురాయి వైపు పోయింది.

"తాతయ్యా, వద్దు."

"గాటు జరపడమేగా. ఇంతకన్నా మొండివాటిని జరిపాను."

ఆకురాయి కరకరలాడింది. బంగారు రంగు పళ్ళు పొడిపొడిగా కాగితం మీద రాలాయి. ఊది, తుడిచి, బొటనవేళ్ళతో అదిమాడు. కూర్చుంది. నావైపు గర్వంగా చూశాడు. అదృష్టం బాగుండి అప్పుడు కరెంటు లేదు. ఆయన నీళ్ళు తాగడానికి లేవగానే పట్టీ పీకి వెనక దాచుకున్నాను. అందుకు పొద్దుగూకేదాకా నాతో మాట్లాడలేదు. పట్టుకున్న కుందేలుకు మూడే కాళ్ళన్న మనిషితో ఏం వాదిస్తాం?

మర్నాడు అలుగుతూనే అదే సందుకు వెళ్ళి, ఈసారి ఫోర్ అని అడిగి మరో పట్టీ తెచ్చాడు. గాటు కలిసింది. టక్కున కూర్చుంది. మీట నొక్కితే లోపలి ఫ్యాను తిరిగింది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. తీశాడు, ఊదాడు, రబ్బరుతో రుద్దాడు, మళ్ళీ పెట్టాడు. నలుపే. బోర్డు దొంగదన్నాడు, కరెంటు నీరసంగా ఉందన్నాడు, చివరికి నేను పక్కన నిలబడటం వల్లే ఇలా అవుతోందన్నాడు. రోజూ పొద్దున డ్రైవరు మామయ్య మా ముందునుంచి హారన్ కొట్టుకుంటూ పోతున్నాడు. ఆ మోతకు తాతయ్య రోజుకింత కుంచించుకుపోతున్నాడు. నా తలప్రాణం తోకకొచ్చింది.

మెట్ల మీద కూర్చుని కూరగాయలు తరుగుతున్న నాయనమ్మ, కత్తి ఆపకుండానే అడిగింది.

"ఏమండీ, లోపలికి వెళ్ళి తిరగని చెవిని మీరేమంటారు?"

"అది వేరే తాళానిది అంటాను."

"మరి మీరు సందుకు వెళ్ళినప్పుడు తాళం పట్టుకెళ్ళారా?"

ఇన్నేళ్ళుగా ఊరందరినీ తిప్పి పంపిన మాట తిరుగు దారి పట్టి తాతయ్య గుమ్మంలోకే వచ్చింది. లేచి బోర్డును దాని డబ్బాలోనే జాగ్రత్తగా పెట్టుకుని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. రెండు పట్టీలు పట్టుకుని నేనూ బయల్దేరాను.

బోర్డు అమ్మిన దుకాణంలో ఒక కళ్ళజోడు అక్క ఉంది. రెండో పట్టీ పెద్ద ఆఫీసుల సర్వర్లలో వాడేదట. గాటు ఒకటే అయినా ఈ బోర్డు దాన్ని పలకరించదని చెప్పింది. మొదటి పట్టీని మాత్రం అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది.

"దీన్ని ఎలుక కొరికిందా పెద్దాయనా?"

"అవునమ్మా" అన్నాడు తాతయ్య, రెప్ప వాల్చకుండా.

"మా ఇంట్లో ఎలుకకు ఆకురాయి కూడా ఉందక్కా" అన్నాను. డబ్బా కింద నా కాలు తొక్కాడు.

ఆవిడ తన దగ్గరున్న పట్టీ బోర్డులో పెట్టి అక్కడే తీగలు తగిలించింది. తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. తాతయ్య ఊపిరి వదిలాడు. మళ్ళీ తీసి పెట్టమన్నాడు. మళ్ళీ వచ్చాయి. మూడోసారి తనే పెట్టాడు. పెట్టేముందు గాటును బొటనవేలితో తడిమాడు, రెండో చెయ్యి ఆకురాయి ఉన్న జేబులోకి జారింది. ఆ చెయ్యి పట్టుకుని బయటికి లాగాను.

వారం గడువు చివరిరోజు డ్రైవరు మామయ్య వచ్చాడు. అక్క దగ్గర కొన్న పట్టీతో కంప్యూటరు పలికింది, చిప్పుకు పాఠం ఎక్కింది. చెవి తిరిగింది, వ్యాను కదిలింది. బల్ల దగ్గరికి తిరిగొచ్చిన తాతయ్య ఆ చెవిని ఆకురాయితో రెండుసార్లు రుద్దాడు.

"బండి కదిలింది కదా తాతా, ఇంకా ఎందుకు?"

"ఇది నా చెవి అని తెలియాలి కదరా."

డ్రైవరు మామయ్య నవ్వి, మేకు వైపు చూపించి ఆ పచ్చటిదేమిటని అడిగాడు. తప్పు చెవుల గుత్తి మధ్య, అంచు అరిగిన పట్టీ దారానికి వేలాడుతోంది.

"ఎలుక పని" అన్నాడు తాతయ్య, నావైపు చూడకుండా.