లేని చేపకు రబ్బరు వానపాము

పెళ్లిచూపుల్లో కాఫీ ఒలకబోసుకున్నవాళ్లు ఉంటారు. పెళ్లికూతురు అనుకుని ఆమె చెల్లెలి వంక గంటసేపు చూసినవాళ్లూ ఉంటారు. వాళ్లంతా నా ముందు దిగదుడుపే. నేను ఒక రబ్బరు వానపామును చేతబట్టి, ఈ దేశంలోనే లేని ఒక చేపను నమ్ముకుని, కాబోయే మామగారి కళ్లెదుట నా పెళ్లిని నీళ్లపాలు చేసుకోబోయాను. ఎలాగో చెప్తాను, నవ్వుకోండి. మీరు నవ్వితే నాకేమీ బాధ లేదు. మా ఇంట్లో ఆరేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

అప్పటికి నేను చదువు ముగించి, ఆక్లండ్‌కి రెండు గంటల దూరంలోని హామిల్టన్‌లో పాలు పితికే యంత్రాల విడిభాగాలు అమ్మే కంపెనీలో చేరి రెండేళ్లయింది. మాది గుంటూరు. వరంగల్ నుంచి వచ్చిన శ్రీకాంత్, నేను కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. ఫ్లాట్ అంటే వెనక గడ్డి, ముందు గడ్డి ఉన్న పాత చెక్క ఇల్లు. గడ్డి కోసే వంతు ఎవరిదన్నదే మా మధ్య ఉన్న ఏకైక తగాదా.

ఆ క్రిస్మస్‌కి చర్చి భోజనాల దగ్గర షారోన్ అనే అమ్మాయిని చూశాను. ఆసుపత్రిలో నర్సు. నా పళ్లెంలో అన్నం తప్ప ఏమీ లేకపోవడం చూసి, "కూర అయిపోలేదు, అక్కడ దాచారు, రండి," అని వంటగదిలోకి తీసుకెళ్లి గిన్నె మూత తీసి చూపించింది. అంతే. ఆ మూతతో పాటు నా మతి కూడా ఎగిరిపోయింది. ఈ అమ్మాయి కాకపోతే ఇంకెవరూ వద్దని ఆ రోజే తేల్చుకున్నాను.

ఆక్లండ్‌లో మౌంట్ ఆల్బర్ట్‌లో ఉండే ఒక ఆంటీ సంబంధాలు కుదిర్చేవారు. షారోన్ పేరు చెప్పగానే, "బయోడేటా పంపు బాబూ, వాళ్లకి చూపిస్తాను," అన్నారు. రాయడానికి కూర్చున్నాను. ఎత్తు, బరువు, చదువు, వీసా అన్నీ రాశాక 'అభిరుచులు' అనే గడి దగ్గర కలం ఆగింది.

"పుస్తకాలు చదువుడు, పాటలు వినుడు అని రాయి," అన్నాడు శ్రీకాంత్.

"అందరూ అదే రాస్తారురా."

"అందరి పెండ్లిళ్లు అయితున్నయి గదరా."

నేను వినలేదు. ఆ రోజుల్లో నాకు రాత్రి అన్నం తింటూ ఒక అమెరికా ఆయన వీడియోలు చూడటం అలవాటు. ఆయన బాస్ అనే చేపను రబ్బరు వానపాముతో పట్టేవాడు. మామూలుగా ఎర్రను కొక్కేనికి తల నుంచి గుచ్చుతారు కదా, ఆయన మాత్రం రబ్బరు ఎర్రకు సరిగ్గా నడుం మీద ఒక్క పోటు పొడిచి, రెండు కొసలూ వేలాడేలా నీళ్లలోకి విసిరేవాడు. దాన్ని వాకీ రిగ్ అంటారట. నేను జన్మలో గాలం ముట్టుకోలేదు. అయినా పప్పన్నం కలుపుకుంటూ రెండొందల వీడియోలు చూశాను కాబట్టి నాకు అంతా వచ్చనే అనిపించింది. గడిలో ఇలా రాశాను: 'బాస్ చేపల వేట, ముఖ్యంగా వాకీ రిగ్ పద్ధతిలో.'

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. అయితే ఆ వెయ్యీ పెళ్లి చేసేవాళ్లు ఆడాలి. చేసుకునేవాడు ఒక్కటి ఆడినా దొరికిపోతాడు. సామెతలోని ఈ రెండో సగాన్ని పెద్దలు ఎందుకు మింగేశారో నాకు తెలియదు.

బుధవారం సాయంత్రం ఫోన్ వచ్చింది.

"బాబూ, నేను షారోన్ వాళ్ల నాన్నని. పాల్ అంకుల్‌ని."

"వందనాలు అంకుల్," అంటూ లేచి నిలబడ్డాను. ఉద్యోగం గురించి, వీసా గురించి, తాగుడు గురించి జవాబులు బట్టీ పట్టి ఉంచాను. ఆయన వాటి జోలికే పోలేదు.

"ఈ బాస్ వేటని రాశావు. ఎక్కడ పడతావు బాబూ?"

"ఇక్కడే అంకుల్. వైకాటోలోనే, హామిల్టన్ చుట్టుపక్కల."

"సముద్రంలోనా?"

"లేదంకుల్. సరస్సుల్లో."

"ఎంతెంతవి పడుతుంటాయేంటి?"

ఇక్కడైనా ఆగి ఉండాల్సింది. "మూడు కిలోలు, నాలుగు కిలోలు అంకుల్. చిన్నవైతే పాపమని వదిలేస్తుంటాను."

"దయగలోడివే," అన్నారాయన. "మాది నరసాపురం బాబూ. గాలం పట్టుకోని వారం నాకు వారంలాగే ఉండదు. శనివారం అందరం కలిసి వెళదాం. మీ ఆంటీ, షారోన్ కూడా వస్తారు. నీ పద్ధతేంటో మాకూ చూపిద్దువుగాని."

ఫోన్ పెట్టేసి శ్రీకాంత్‌కి చెప్పాను. వాడు నా వైపు జాలిగా చూశాడు. "సచ్చినవ్ పో. మూడు దినాలల్ల చేపలు పట్టుడు ఎట్ల నేర్చుకుంటవ్‌రా?"

"నేర్చుకునేదేముంది, అంతా చూసే ఉన్నానుగా. చెయ్యడమే తరువాయి."

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ గాలాల దుకాణానికి వెళ్లాను. కౌంటర్ దగ్గర గడ్డం పెద్దాయన ఏ చేప కోసమని అడిగాడు. బాస్ అన్నాను. పడవ ఉందా అన్నాడు. లేదు, సరస్సు ఒడ్డు నుంచే అన్నాను. ఆయన గడ్డం గోక్కుని, చాలాసేపు ఆలోచించి, "యా, నా," అన్నాడు. ఈ దేశంలో ఆ రెండు మాటలూ కలిపి అంటే 'కాదు' అని అర్థం. అది తెలియడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది. ఆ రోజు మాత్రం నేను మొదటి మాట విని సంతోషపడి, ఒక గాలం, కొన్ని కొక్కేలు, రెండు ప్యాకెట్ల రబ్బరు వానపాములు కొనుక్కుని వచ్చేశాను. పాపం, నన్ను ఆపాలని ఆయన చేసిన ప్రయత్నం అంతే. ఇక్కడివాళ్ల మర్యాద ఒక్కోసారి మనిషి కొంప ముంచుతుంది.

శుక్రవారం సాయంత్రం వెనక గడ్డిలో సాధన మొదలైంది. ఒక కొక్కెం మొన విరిచేసి, దాని మీద వానపామును అమర్చుకుని ఇటు చివర నేను నిలబడ్డాను. అటు చివర శ్రీకాంత్ టీ కప్పుతో కుర్చీ వేసుకుని చేపగా కూర్చున్నాడు.

"నోరు తెరువాల్నా?" అని అడిగాడు.

"అక్కర్లేదు. వానపాము నీ ముందు పడగానే లాగు."

విసిరాను. మొదటిది పక్కింటి కప్పు మీదికి వెళ్లింది. రెండోది బట్టల తీగకు చుట్టుకుంది. మూడోది నేరుగా వెళ్లి వాడి టీలో పడింది. శ్రీకాంత్ దాన్ని రెండు వేళ్లతో బయటికి తీసి, "చేప ఇంట్లకు పోతున్నది," అని లేచి వెళ్లిపోయాడు. మూడింట ఒకటి గురికి తగిలిందని నేను తృప్తిగా పడుకున్నాను.

శనివారం పొద్దున హామిల్టన్‌కి అరగంట దూరంలో ఉన్న ఒక చిన్న సరస్సుకి వెళ్లాం. షారోన్ వాళ్లమ్మ మేరీ ఆంటీ చాప పరిచి డబ్బాలు సర్దుతున్నారు. షారోన్ స్వెటర్ చేతులు కిందికి లాక్కుని, మోకాళ్ల మీద గడ్డం ఆన్చుకుని కూర్చుంది. నన్ను చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు కోసమైతే నేను బాస్‌నేమిటి, తిమింగలాన్ని కూడా వాకీ రిగ్‌తో పట్టేవాణ్ణి.

"లైసెన్స్ తెచ్చావుగా బాబూ?" అన్నారు పాల్ అంకుల్.

జేబులోంచి తీసి ఇచ్చాను. ఆయన కళ్లజోడు సవరించుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది కారు నడపడానికి కదా. నేనడిగేది చేపల లైసెన్సు."

చేపలకు లైసెన్సు ఉంటుందని ఏ వీడియోలోనూ చెప్పలేదు. "ఇంట్లో మర్చిపోయానంకుల్."

"పర్లేదు. మర్చిపోతావేమోనని నీ పేరు మీద ఈ ఒక్క రోజుకి నేనే తీశాను," అని తన ఫోన్ చూపించారు. ఎంత మంచివాడో అని నేను మురిసిపోయాను. పిల్లి ఎలుకకు దారి చూపిస్తోందని నాకు తట్టలేదు.

వానపాము నడుముకి కొత్త కొక్కెం గుచ్చాను. అంకుల్ వంగి చూసి, "ఎర్రని నడుం మీద పొడుస్తారేంటి బాబూ? మా ఊళ్లో అయితే చేప కూడా నవ్వుద్ది," అన్నారు.

"రెండు కొసలూ కదులుతాయంకుల్. బాస్ తట్టుకోలేదు."

విసిరాను. గాలం తీగ ఒకవైపు, వానపాము కొక్కెం నుంచి ఊడి ఇంకొకవైపు వెళ్లాయి. రెండోదీ అంతే. మూడోది మేరీ ఆంటీ పులిహోర డబ్బా పక్కన పడింది. ఆంటీ దాన్ని టిష్యూతో ఎత్తి నా చేతికిచ్చారు. షారోన్ స్వెటర్ మెడను ముక్కు దాకా లాక్కుంది. భుజాలు ఊగుతుండటం మాత్రం కనిపించింది.

"ఏం బాబూ, ఈ రోజు బాస్ కనపడటం లేదా?" అన్నారు అంకుల్.

మౌనంగా ఉండటం తెలివైనవాడి లక్షణం. నేను వీడియోలు గుర్తు చేసుకున్నాను. "ఇది ఏప్రిల్ కదంకుల్. వసంతం. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే కాలం. కాసేపట్లో వస్తాయి."

అంకుల్ తలెత్తి చూశారు. నేనూ చూశాను. మా నెత్తి మీది చెట్టు నుంచి ఒక పసుపుపచ్చ ఆకు తీరిగ్గా ఊడి వచ్చి ఆయన టోపీ మీద వాలింది. సరస్సు చుట్టూ చెట్లన్నీ సగం బోడిగా ఉన్నాయి. అమెరికాలో వసంతమైతే ఇక్కడ శరదృతువని నాలుగేళ్లు ఈ దేశంలో వణికినవాడికి గుర్తుండాలి.

"వసంతం," అని అంకుల్ ఆకు తీసి పక్కన పెట్టారు. "అలాగా."

సరిగ్గా అప్పుడే గాలం వంగింది. నిజంగానే వంగింది. నేను చక్రం తిప్పుతూ వెనక్కి నడుస్తూ, చాప తొక్కి, పులిహోర డబ్బాను పక్కకు తన్ని, ఎలాగో ఒడ్డుకు లాగాను. జానెడు చేప. ఒంటి మీద నల్ల చారలు, కింద ఎర్రటి రెక్కలు. నా జన్మ ధన్యమైంది.

"బాస్ అంకుల్, బాస్," అన్నాను రొప్పుతూ. "పిల్ల బాస్."

అంకుల్ గొంతుక్కూర్చుని దాన్ని చేతిలోకి తీసుకున్నారు. "చారలు చూశావా? ఈ ముళ్ల రెక్క చూశావా? దీన్ని పెర్చ్ అంటారు బాబూ."

"బాస్‌లో కూడా ఒక రకం ఇలాగే ఉంటుందంకుల్."

"బాబూ," అన్నారాయన నెమ్మదిగా. "ఇక్కడ బాస్ అనేది సముద్రం అడుగున, వందల మీటర్ల లోతున ఉంటుంది. నువ్వు చెప్పే మంచినీటి బాస్ ఈ దేశంలో లేదు. ఏ సరస్సులోనూ లేదు. నేను వచ్చి ఇరవై ఏళ్లయింది."

అప్పటికైనా కాళ్ల మీద పడి ఉంటే బాగుండేది. నేను అడిగిందేమిటో తెలుసా? "మరి నేను ఇన్నాళ్లూ పట్టినవి ఏంటంకుల్?"

"బుధవారం నుంచి నేనూ అదే ఆలోచిస్తున్నాను," అన్నారు అంకుల్.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. గాలం కింద పెట్టేశాను. "నేను ఎప్పుడూ చేపలు పట్టలేదంకుల్. అన్నం తింటూ వీడియోలు చూశాను, అంతే. అందరిలాగా పుస్తకాలు, పాటలు అని రాస్తే నన్ను పట్టించుకోరేమోనని రాశాను. తప్పయింది." నిజం చెప్తున్నాను, ఏడుపొచ్చింది. షారోన్ వైపు చూడటానికి ధైర్యం చాల్లేదు.

మేరీ ఆంటీ డబ్బాల మూతలు పెట్టడం మొదలుపెట్టారు. "అబ్బాయి మంచోడే అనిపించాడండీ. కానీ ఇంత చిన్నదానికే అబద్ధమాడితే రేపు పిల్లనిచ్చాక ఏం చెప్తాడో, ఏం దాస్తాడో."

"అదే నా భయం కూడా," అన్నారు అంకుల్. "చేపలు పట్టడం రాదని ఫోన్లోనే ఒప్పేసుకుని ఉంటే ఆ రోజే ఖాయం చేసేవాణ్ణి. నాలుగు రోజులు చూశాను."

నా పెళ్లి అక్కడితో అయిపోయింది. కారు తాళాలు తడుముకుంటున్నాను.

"అమ్మా, ఒక్క నిమిషం," అంది షారోన్. "నాన్నా, నువ్వు కూడా విను. వార్డులో రోజూ ఎంతమంది నాకు అబద్ధాలు చెప్తారో తెలుసా? టాబ్లెట్ వేసుకున్నాం అంటారు, సిగరెట్ మానేశాం అంటారు. ఫేస్‌లో ఏమీ తెలీదు. ఛార్ట్ చూసి, పిల్లో కింద చూసి కనుక్కోవాలి. ఈయన్ని పొద్దుట్నుంచీ చూస్తున్నాను. లైసెన్స్ మర్చిపోయానన్నప్పుడు చెవులు ఎర్రబడ్డాయి. వసంతం అన్నప్పుడు మెడ దాకా ఎర్రబడ్డాయి. పిల్ల బాస్ అన్నప్పుడైతే నేను ఫస్ట్ ఎయిడ్ బాక్స్ ఎక్కడుందా అని చూశాను. ఇప్పుడు నిజం చెప్పాడు, చూడండి, మామూలు రంగులోకి వచ్చేశాయి."

ముగ్గురూ నా చెవుల వంక చూశారు.

"ఇంట్లో కూడా డ్యూటీ చెయ్యడం నా వల్ల కాదు," అంది. "ఈయనతో అయితే ఆ పని ఉండదు. నాకు ఓకే."

పాల్ అంకుల్ చేపను బకెట్లో వేసి, "ఆంటీ, అల్లుడికి పులిహోర పెట్టు," అన్నారు. కంగారులో సొంత భార్యనే ఆంటీ అన్న సంగతి ఆయన ఈ రోజుకీ ఒప్పుకోరు.

కనుక పాఠకమహాశయులారా, సమస్త జలచరాల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఉన్న చేప గురించి గానీ, లేని చేప గురించి గానీ, ఏ రుతువులోనూ, ఏ అర్ధగోళంలోనూ ఇకపై అబద్ధం ఆడను. ఈ వాక్యం రాసి షారోన్‌కి చూపించాను. ఆమె కాగితం వంక చూడనే లేదు. నా జుట్టు పక్కకు తోసి, రెండు చెవులూ పరీక్షగా చూసి, ప్రచురణకు పంపుకోవచ్చని అనుమతి ఇచ్చింది.