మునగాల్సిన పడవ

జ్ఞానానందం చేతులు ఒక్కచోట నిలవవు. మాట్లాడుతూనే పక్కనున్న చెక్కను వేలి కణుపులతో కొట్టి, చెవి ఒగ్గి వింటాడు. నాగావళిలో గుర్రపుడెక్క తీసే సంఘానికి ఉన్నవి ఒక పడవ, ఒక ఎడ్లబండి. రెండింటికీ కూలి పుచ్చుకోని వడ్రంగి ఆయనే. పంతొమ్మిదివందల అరవయ్యెనిమిది ఎండాకాలమంతా సంఘం పెద్ద నరసింగరావు మాస్టారు పడవను కడిగించి, ఒడ్డున ఎండలో భద్రంగా ఉంచారు. కొత్తనీరొచ్చాక పదిమంది ఎక్కబోతుంటే జ్ఞానానందం అడ్డుపడ్డాడు. పలకలు ఎండి, సందుల్లోంచి వెలుగు కనిపిస్తోంది. పడవను ఒడ్డువారనే నీళ్లలోకి లాగి, రాళ్లేసి ముంచేశాడు.

“సెత్త తియ్యడానికి రమ్మంటే పడవనే ఏట్లో పారేసినాడు మావ!” అని డెక్క తీసేవాళ్లలో అసిరమ్మ నవ్వింది.

“నాను ముంచకపోతే నడి ఏట్లో అదే ముంచుతాది. సెక్క నీళ్లు తాగి ఉబ్బాల. రేపు రండి.”

సాయంత్రందాకా నాలుగుసార్లొచ్చి నీళ్లలో చెయ్యిపెట్టి తడుముకున్నాడు. సందులు మూసుకోకపోతే ఇక ఆ ఒడ్డున తన మాట ఎవరూ వినరు. మర్నాడు రాళ్లు తీసి, నీళ్లు తోడి, పదిమందీ ఎక్కారు. అడుగున చుక్క ఊరలేదు. మధ్యాహ్నం డెక్కతో ఒడ్డెక్కిన బండి చక్రం, కర్ర ఎండిపోయి, వదులై లొడలొడలాడింది. మాస్టారే ఎడ్లను విప్పించి, చక్రం ఊడదీసి, ఏట్లోకి దొర్లించారు.

“దీనికెంతసేపు పడతాది, జ్ఞానానందం?”