రికార్డు మీద నా చేయి పెట్టించిన మామ

మా ఇంటాయన కర్నూలు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు నేను వసారాలో కూర్చుని రికార్డు సూదులు తుడుస్తున్నాను. "నాయన పోయినాడు" అని ఒక్క మాటే అన్నాడు. వెనక ఎవరో ఏడుస్తున్నది వినిపించింది. అది మా అత్త గొంతు. నేను చేతిలో ఉన్న సూదిని డబ్బీలో పెట్టి, మూత వేసి, ఆ తర్వాత ఏడ్చాను. సూదిని బయట వదిలేసి లేవకూడదని మామ చెప్పిన మాటను ఆ వేళ కూడా నా చేయి మరిచిపోలేదు.

బేతంచెర్ల చుట్టుపక్కల పెళ్లికి పోయినవాళ్లయితే మీరు ఆయన్ను చూసే ఉంటారు. ట్రాక్టర్ ట్రాలీ మీద పెద్ద పెద్ద బాక్సుల మధ్య, తలకు తువ్వాలు చుట్టుకుని, ఊపిరి మందు జేబులో పెట్టుకుని కూర్చునే సన్నటి మనిషి. మాది దూదేకుల ఇల్లు. ముస్లింలమే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. మామ వాళ్ల నాయన పెళ్లిళ్లకు సన్నాయి ఊదేవాడు. మామ కూడా నేర్చుకున్నాడు కానీ, వయసులో ఉండగా బండల పాలిష్ పనికి పోయి, ఆ తెల్లటి పొడి పీల్చి పీల్చి రొమ్ము చెడగొట్టుకున్నాడు. ఊదడం కుదరక మైకు సెట్టు, రికార్డులు పెట్టాడు. "ఊపిరి లేనోనికి సూది దొరికింది పాపా" అని నవ్వేవాడు. నవ్వు కూడా దగ్గుతోనే అయిపోయేది.

నేను ఈ ఇంటికి వచ్చేసరికి రికార్డులు అటక మీదికి పోయి, కంప్యూటర్ డీజే వచ్చింది. దాన్ని నడిపే అబ్బాయి మంచి పనివాడే. అతనికి బెంగళూరులో పని దొరికి వెళ్లిపోయాడు. మా ఇంటాయనకు జనరేటరు, బాక్సులు, వైర్లు చూసుకోవడానికే చేతులు చాలవు. మామకు వేళ్లు వణకడం మొదలైంది. ముందు పెళ్లిళ్లు ఒప్పుకుని ఉన్నాం. మిషను ముందు కూర్చునే మనిషి లేకపోతే మా ఇల్లు నడిచేది కాదు. వేరే మనిషిని పెట్టుకుందాం, బటన్లు నొక్కే పెట్టె ఒకటి కొందాం అని మా ఇంటాయన అన్నాడు.

నేను అప్పటికి ఇంట్లో గట్టిగా మాట్లాడి ఎరగను. ఏడో తరగతి దాకా చదివాను. ఎవరైనా వస్తే లోపలికి పోయేదాన్ని. ఒకరోజు జొన్నరొట్టెలు చేస్తుంటే మామ వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. ఆకలేమో అనుకుని పళ్లెం తీశాను. ఆయన పళ్లెం వద్దని, రొట్టె తట్టమన్నాడు. జొన్నరొట్టె తట్టేటప్పుడు ఒక చేయి తడుతుంది, ఇంకో చేయి రొట్టెను కొంచెం కొంచెంగా తిప్పుతుంది. రెండూ ఆగకూడదు. ఆగితే అంచు పగులుతుంది. ఆయన కళ్లు మూసుకుని ఆ చప్పుడు విన్నాడు.

"నీ రొట్టెకు తాళముండాది" అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు.

ఆ వారమే నన్నూ మా ఇంటాయన్నూ వెంటబెట్టుకుని కర్నూలులో సామాన్లమ్మే అంగడికి తీసుకుపోయాడు. సంచులు మోయడానికి పిలిచాడేమో అనుకున్నాను. అంగడాయన లాప్‌టాప్ తెరిచి ఒక సాఫ్ట్‌వేర్ చూపించాడు. రంగురంగులుగా బాగుంది, కానీ వాళ్ల కంపెనీ పెట్టె ఉంటేనే పనిచేస్తుందట. రెండోది నెట్ తగిలితేనే తెరుచుకుంటుందట. మా వైపు గనుల దగ్గరి పల్లెల్లో ఫోన్ సిగ్నలే దొరకదు. మూడోది చూడ్డానికి బోసిగా ఉంది. పెట్టె ఏదైనా ఒప్పుకుంటుంది, పాత రికార్డు పెట్టినా దాని పాటను దాని మానాన పలకనిస్తుంది. కంప్యూటర్ ఆగిపోతే పెళ్లి ఆగుతుందా అని మామ అడిగాడు. ఆగదు పెద్దాయనా, రికార్డు పెట్టి నడుపుకోవచ్చు అన్నాడు అంగడాయన.

తర్వాత అంగడాయన ఎవరు నడిపేది అని మా ఇంటాయన వైపు చూశాడు. మామ నా వైపు చేయి చూపించాడు.

"నడిపేది ఈ పాప. దీని చేతికి ఏది కుదిరితే అదే ఇయ్యప్పా."

అంగడాయన మంచివాడు, నవ్వలేదు. రెండు తిరిగే పళ్లాలు ముందుకు లాగి ఒక నల్ల రికార్డు పెట్టాడు. అందులో పాట ఉండదు, ఒక్క కీచు శబ్దమే ఉంటుంది. రికార్డు ఎటు తిరుగుతోందో, ఎంత వేగంగా తిరుగుతోందో ఆ శబ్దాన్ని బట్టి కంప్యూటర్ తెలుసుకుంటుంది. పాట కంప్యూటర్‌లో ఉంటుంది, పగ్గం మన వేళ్ల కింద ఉంటుంది. నేను చేయి పెట్టి ఆపితే పాట ఆగింది. వెనక్కి తిప్పితే పాట వెనక్కి పోయింది. నలుగురి మధ్య నేను తల ఎత్తడం మొదటిసారి.

మామ ఉన్నట్టుండి పిడికిలితో టేబులు మీద ఒక్కటి గుద్దాడు. సూది ఎగిరింది, పాట ఎక్కడికో దూకింది.

"టేబులు ఇరగ్గొట్టొద్దు పెద్దాయనా" అన్నాడు అంగడాయన.

"మా రోడ్లు చూసినావా అప్పా? దీనికంటే శానా కొడతాయి."

అప్పుడు అంగడాయనే సాఫ్ట్‌వేర్‌లో ఒక మార్పు చేసి చూపించాడు. సూది ఎక్కడ పడినా పాట మాత్రం ఉన్నచోటి నుంచే సాగుతుంది. మామ మళ్లీ గుద్దాడు. పాట కదలలేదు. అదే తెచ్చుకున్నాం.

ఇంటికి రాగానే అత్త అగ్గి మీద గుగ్గిలమైంది. "ఇంటి కోడలు బండెక్కి పాటలేస్తే నలుగురూ ఏమంటారు?" అంది. ఆమెకు ఆ శబ్దం మొదటినుంచీ గిట్టదు. బాక్సులు పరీక్షించేటప్పుడు పక్కింటికి పోయి కూర్చునేది. మామ చెప్పులు విప్పుకుంటూ, "నలుగురూ ఏమీ అనరు. ఆడతారు" అన్నాడు. ఆ మాటకు అత్త వారం రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు.

పొద్దున వంట అయిపోయాక మామ నేర్పేవాడు. ఒక చెవికి హెడ్‌ఫోను, ఇంకో చెవి బయటికి. లోపలి పాట, బయటి పాట రెండూ ఒకే అడుగు వేసేదాకా పళ్లెం అంచును వేలితో తాకాలి. తెర మీద గీతలు కనిపిస్తుంటాయి, వాటిని కలిపే బటను కూడా ఉంటుంది. దాన్ని వాడొద్దనలేదు. "ముందు చెవితో కలుపు, ఆపైన కన్నుతో చూసుకో" అనేవాడు. నేను తొందరపడి రికార్డును తోస్తే, "పాటను తొయ్యొద్దు. అది పోయేదే పోతాది. నువ్వు తోడుండు" అనేవాడు. లాప్‌టాప్ తెరుచుకోవడం ఆలస్యమైతే దానితో కూడా మర్యాదగానే, "ఏమప్పా, లేస్తాండావా లేదా?" అని అడిగేవాడు. ఎన్నడూ విసుక్కోలేదు. సూది మీద బండల పొడి చేరుతుందని, దాన్ని వెనక నుంచి ముందుకు మాత్రమే తుడవాలని మెత్తటి కుంచెతో చూపించాడు.

నా భయం పాటల గురించి కాదు, మనుషుల గురించి. అది ఆయనకు చెప్పకుండానే తెలుసు. మొదటి పెళ్లి రోజు ట్రాలీ ఎక్కే ముందు ఒక్క మాట చెప్పాడు. "జనం కాళ్లు చూడు పాపా. మొగాలు చూడొద్దు. కాళ్లు అబద్ధం చెప్పవు." ఆ మాట పట్టుకునే నేను ఇన్నాళ్లు నడిచాను. కాళ్లు నెమ్మదిస్తే పాట మార్చాలి. కాళ్లు దుమ్ము లేపుతుంటే వదిలేయాలి. మొహాలు చూడాల్సిన పనే లేదు.

ఆ రోజే ఒక పొరపాటు జరిగింది. మా వైపు కొత్త పనికి పోయే బండికైనా, మిషనుకైనా బొట్టు పెట్టనిదే కదలనివ్వరు. పెళ్లింటి పెద్దామె ఒకరు తట్ట పట్టుకుని ట్రాలీ దగ్గరికి వచ్చి, ప్రేమగా, నీళ్లలో కలిపిన పసుపు, దాని మీద కుంకుమ తీసి తిరిగే రికార్డు మీదనే పెట్టింది. అది పెట్టకూడని చోటని నాకు తెలుసు. వద్దు అనడానికి నోరు రాలేదు. పెళ్లి మెరవణి వీధిలోకి కదిలింది. సూది ఆ తడి బొట్టు దగ్గరికి వచ్చినప్పుడల్లా పాట నంగినంగిగా పలుకుతోంది. జనం ఆగి పైకి చూశారు. నేను కాళ్లు కూడా చూడలేక నా చేతులే చూసుకున్నాను. మామ వెనక నుంచి వంగి, ఇంకో పళ్లెం మీది పాటను పైకి తెమ్మని సైగ చేశాడు. తెచ్చాను. ఆ లోపల ఆయన బొట్టు పెట్టిన రికార్డును ఎత్తి, రెండో వైపుకు తిప్పి, సూది తుడిచి పెట్టాడు. బొట్టు తుడవలేదు. కిందికి వంగి ఆ పెద్దామెతో, మీ చేతి చలువతో సెట్టు బాగా పలుకుతాంది అన్నాడు. ఆమె మొహం వెలిగిపోయింది. మరుసటి పెళ్లి నుంచి అరిగిపోయిన రికార్డు ఒకటి ముందర పెట్టేవాడు, బొట్టు పెట్టేవాళ్ల కోసమే. ఇంటికి వచ్చాక నన్ను ఒక్క మాట అనలేదు. నోరు రాకపోవడం ఆయన దృష్టిలో తప్పు కాదు.

అప్పటినుంచి ప్రతి పనికీ ఆయన నా వెనక కూర్చున్నాడు. ఆసుపత్రి, బడి దగ్గరికి రాగానే నా భుజం వెనక చిటికె వినిపించేది. శబ్దం తగ్గించేదాన్ని. ఎవరైనా తాగి ట్రాలీ ఎక్కబోతే ఆయన దగ్గు చాలు, దిగిపోయేవాళ్లు. ఆడమనిషి డీజే వేస్తోందని మొదట్లో వీడియోలు తీసినవాళ్లు, తర్వాత ఆ పాప వస్తుందా అని ఫోన్‌లో అడగడం మొదలుపెట్టారు. ఇదంతా నా గొప్ప కాదు. వెనక ఆయన ఉన్నాడు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

అందుకే ఆయన పోయాక ఇంట్లో పెద్ద ప్రశ్న వచ్చింది. మామ తమ్ముడు, మేము చిన్నమామ అంటాం, ఈ పళ్లాలు అమ్మేసి బటన్ల పెట్టె తీసుకోండి, ఎవరినైనా మనిషిని పెట్టుకోండి అన్నాడు. అన్న పక్కన కూర్చుంటే అది వేరు, ఒంటరి ఆడపిల్ల అంత జనంలో అంటే మాట పడాల్సి వస్తుంది అన్నాడు. ఆయన చెడ్డగా అనలేదు. మా ఇంటాయన నా వైపు చూశాడు.

"నేను జనరేటరు కాడ ఉంటా. నీ పక్కన ఎవరుంటారు?"

రికార్డు మీద చేయి పెట్టకుండా ఉండలేనని మాత్రం నాకు తెలుసు. అది చెప్పడానికి మళ్లీ నోరు రాలేదు. అత్త లోపలి గదిలో ఉంది. మామ పోయిన తర్వాత బయటికి రాకూడని గడువు ఆమెకు ఇంకా ఉంది. తలుపు వెనక నుంచి అన్నీ వింటూనే ఉంది. ఏ సంగతీ తేలకుండానే నెలలు గడిచాయి.

ఆ గడువు తీరిన తర్వాత ఎర్రగుంట్లలో మా వాళ్ల పెళ్లే ఒకటి వచ్చింది. కాదనలేక ఒప్పుకున్నాం. పెళ్లికొడుకు ఊరేగింపు మధ్యాహ్నం ఎండలో మొదలు. బాక్సులు కట్టారు, పళ్లాలు బిగించాను. పాట వేయబోతుంటే ట్రాలీ ఒక పక్కకు ఒరిగింది. వెనక్కి తిరిగి చూస్తే అత్త, కొంగు నడుముకు చెక్కుకుని, చక్రం మీద కాలు పెట్టి పైకి ఎక్కుతోంది. మా ఇంటాయన కింద నుంచి ఏమిటమ్మా ఇది అంటున్నాడు.

"నువ్వు నీ జనరేటరు చూసుకోరా" అంది.

నా వెనక వైర్ల సంచి మీద కూర్చుంది. కొంగులో ముడివేసి తెచ్చుకున్న దూది విప్పి రెండు చెవుల్లో కుక్కుకుంది. నెత్తి నిండా కొంగు కప్పుకుని, కానియ్యి అన్నట్టు గడ్డం ఎత్తింది. నేను పాట వదిలాను. బాక్సు దెబ్బ పడినప్పుడల్లా ఆమె కూర్చున్న చోటే అదిరేది, కళ్లు గట్టిగా మూసుకునేది, మళ్లీ తెరిచి ట్రాలీ చుట్టూ ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ చూసేది. పెదవులు కదులుతూనే ఉన్నాయి. అల్లాకు దువా చేస్తోందో, మమ్మల్నందరినీ తిడుతోందో ఆ శబ్దంలో నాకు వినిపించలేదు. పెళ్లింటి గుమ్మం వచ్చేదాకా ఆమె ట్రాలీ దిగలేదు.