మంచుగడ్డ వేసింది నేనే

నలభై ఏళ్లు మేడ్చల్ మార్కెట్లో చేపలమ్మాను. పోయిన ఎండాకాలం శామీర్‌పేట దగ్గర ఒక చెరువులో గాలాల పోటీ పెడితే, చేపల తొట్లు చూసుకునే పనికి పోయాను. అరవయ్యేళ్లకు అక్షరాలు నేర్చినదాన్ని, బోర్డు మీది నిబంధన నేనే చదివాను: పట్టిన చేపను తూచి, ప్రాణంతో నీళ్లలో వదలాలి.

తూంకుంట కాలనీ నుంచి వచ్చిన సుజాతకు అందరికన్నా పెద్ద బొచ్చె చేప పడింది. ఎండకు తొట్టి నీళ్లు కాగుతున్నాయని, అంగడి అలవాటు కొద్దీ పెద్ద మంచుగడ్డ వేసేశాను. చేప వెల్లకిలా పడింది.

"ఒక్కసారే అంత చల్లబడితే తట్టుకోలేదు పెద్దమ్మా!" అంటూ సుజాత గడ్డను తీసి పారేసింది.

"సచ్చింది బిడ్డా. నాదే తప్పు."

"లేదు, మొప్పలు ఆడుతున్నాయి. చెరువు నీళ్లు మగ్గుతో పైనుంచి పొయ్యండి, గాలి కలవాలి."

ఆమె చేపను నీళ్లలోనే వీపు పైకి ఉండేలా రెండు చేతులతో పట్టుకుంది. నేను పోస్తూనే ఉన్నాను. చాలాసేపటికి తోక కదిలింది. అప్పుడే తూకానికి పిలిచారు.

"జల్దీ తీస్కపో, బహుమతి నీదే" అన్నాను.

"ఇప్పుడు పైకి తీస్తే బతకదండి."

ఇద్దరం తొట్టిని మోసుకెళ్లి చెరువులో వంచాం. చేప లోపలికి దూసుకుపోయింది.

బహుమతి వేరేవాళ్లకు పోయింది. చచ్చిన చేప చెడిపోకుండా చూడడమే నాకు తెలుసు. అంత పెద్ద చేపను తూచకుండా వదిలిన మనిషిని నా బతుకులో ఇంకొకరిని చూడలేదు.