గాలిదుమారంలో అరిచినందుకు

బోరబండలో పెరిగిన నాకు కాలేజీ రోజుల్లో పడవ పోటీల పిచ్చి ఉండేది. పతకాలు రాలేదు కానీ ఉద్యోగం వచ్చింది. హైటెక్ సిటీ వెనకున్న చెరువులో, వేసవి క్యాంపు పిల్లలకు కనో నడపడం నేర్పాలి. కనో అంటే ఇద్దరు పిల్లలు పట్టే సన్నటి పడవ.

ఆ రోజు మధ్యాహ్నం నుంచే పడమర నల్లబడుతోంది.

"ఇయ్యాల వద్దు సార్. గాలి లేస్తది," అన్నాను క్యాంపు నడిపే ఆయనతో.

ఆయన ఆకాశం వైపు చూడలేదు. గట్టు మీద ఫోన్లు పట్టుకుని నిలబడ్డ తల్లిదండ్రుల వైపు చూశాడు. "ఒక్క రౌండ్ తిప్పుకొని రామ్మా. వాళ్ళకి ఫోటోలు కావాలి."

చెరువు మధ్యకు చేరేసరికి గాలిదుమారం లేచింది. అవతలి అద్దాల భవనాలు దుమ్ములో కనబడకుండా పోయాయి. వెనకే వాన. పడవలన్నిటినీ దగ్గరకు చేర్చి, పక్క పడవ అంచు గట్టిగా పట్టుకోమన్నాను. అలా ఒకదానికొకటి ఆనుకుని ఉంటే తిరగబడవు. పిల్లలు ఏడుస్తూనే పట్టుకున్నారు. నల్లగండ్ల నుంచి వచ్చే పాప మాత్రం అంచు వదిలేసి, "మమ్మీ" అంటూ లేచి నిలబడింది. పడవ ఒక పక్కకు ఒరిగి నీళ్ళు లోపలికి వచ్చాయి.

"కూసో! కింద కూసో!" అని గొంతు చించుకుని అరిచాను. నా పడవలోంచే చెయ్యి చాచి, లైఫ్ జాకెట్ పట్టి కిందికి లాగాను.

గాలే మమ్మల్ని జమ్ము పెరిగిన ఒడ్డుకు నెట్టింది. నడుం లోతు నీళ్ళలోకి దిగి ఒక్కొక్కరినీ ఎత్తి గట్టున దించాను. ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు.

మర్నాడు ఆ పాపను తీసుకుని తల్లి వచ్చింది. క్యాంపు ఆఫీసు గదిలో నన్ను ఆవిడ ముందు నిలబెట్టారు.

"రాత్రి నిద్రలో ఉలిక్కిపడిందండి. అరిచారట, పట్టుకుని లాగేశారట. ఇంట్లో మేమే గట్టిగా మాట్లాడం."

"లేచి నిలబడ్డదమ్మా. పడవ బోర్లపడేది."

"చిన్నపిల్ల కదండీ. నచ్చజెప్పాలి."

పక్కనే ఉన్న క్యాంపు ఆయన వైపు చూశాను. ముందురోజు నేను వద్దన్న సంగతి చెబుతాడనుకున్నాను.

"వెదర్ చూసుకుని వెళ్ళమని నేను చెప్తూనే ఉంటాను మేడమ్," అన్నాడాయన. తర్వాత నా వైపు తిరిగి, "పాపకు సారీ చెప్పెయ్యమ్మా, అయిపోతుంది."

ఇంట్లో సంపాదించేది అప్పటికి నేనొక్కదాన్నే. సారీ చెప్పాను.

"ఇట్స్ ఓకే," అంది పాప. తల్లి దాని తల నిమిరింది.

ఎండాకాలం అయిపోయేదాకా అక్కడే పనిచేశాను. ఆ తర్వాత కాస్త మబ్బు పట్టినా, ఆయనే గట్టు మీద అందరికీ వినబడేలా, "ఇవాళ నీళ్ళలోకి వద్దమ్మా, పిల్లలు జాగ్రత్త," అనేవాడు. ఎంత బాధ్యత గల మనిషో అని తల్లిదండ్రులు ఆయన్ని మెచ్చుకునేవారు. నేను తెడ్లు ఏరుకుని లోపల పెట్టేదాన్ని.